మేనమామ గారి వెబ్లీనా, కొత్త పిస్టలా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి నడుపుతాను. సీజన్‌లో రాత్రి పొద్దుపోయాక నగదుతో ఇంటికి రావాల్సి వస్తోంది. ఈ మధ్యనే .32 బోర్ (గొట్టం లోపలి కొలత) పిస్టల్‌కు లైసెన్స్ వచ్చింది. జేబులో పట్టేంత చిన్నది కావాలి. హైదరాబాద్‌లో డీలర్ దగ్గరికి వెళ్లి కొత్త పిస్టల్ ధర కనుక్కొని వచ్చాను. ఇంతలో మా బావమరిది ఫోన్ చేసి, నిరుడు చనిపోయిన మా మేనమామ గారి వెబ్లీ అండ్ స్కాట్ పిస్టల్ ఉందని, "బయటివాళ్లకు అమ్మేకంటే నువ్వే తీసుకో బావా" అంటున్నాడు. విదేశీ సరుకు మళ్లీ దొరకదని, ధర ఎప్పటికీ తగ్గదని అందరూ చెప్తున్నారు. ఏది కొనమంటారు? పాతది కొంటే ఏమేం చూసుకోవాలి?

జవాబు: ధర, పేరు, పనితనం తర్వాత. ముందు మీ బావమరిదిని ఒక్క మాట అడగండి: ఆ పిస్టల్ ఇప్పుడు ఎక్కడుంది?

లైసెన్స్ మీ మేనమామ గారి పేరు మీద ఉంది. ఆయన పోయాక ఆ లైసెన్స్ ఇంట్లో ఇంకెవరికీ పనికిరాదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ఇలా దగ్గర ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని, దాని తూటాలతో సహా, ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. చేసి ఉంటే రసీదు ఉంటుంది. చేయకుండా బీరువాలోనే ఉంచితే, అది చట్టం దృష్టిలో లైసెన్స్ లేని ఆయుధమే. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష రెండేళ్లకు తక్కువ కాకుండా అయిదేళ్ల దాకా జైలు, పైన జరిమానా. "మా నాన్నదే కదా, పోలీసులకు తెలిసిందే కదా" అన్న మాట అక్కడ చెల్లదు. కాబట్టి ముందు డిపాజిట్, ఆ తర్వాతే బేరం. మీకు లైసెన్స్ ఉన్నా సరే, ఆ పిస్టల్ నంబర్ మీ లైసెన్స్ మీద ఎక్కేదాకా దాన్ని మీ కారులో పెట్టుకోవద్దు, ఒక పూట చూసి ఇస్తానని ఇంటికి తెచ్చుకోవద్దు. చూడాలనుకుంటే అది డిపాజిట్‌లో ఉన్న డీలర్ దగ్గరికే వెళ్లి, ఆయన ముందే చూడండి.

లైసెన్స్‌దారు తన సొంత ఆయుధాన్ని ఇంకో లైసెన్స్‌దారుకు అమ్మొచ్చు. కానీ 5వ సెక్షన్ ప్రకారం ఫలానా వారికి అమ్మబోతున్నామని జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి. తెలిపిన నాటి నుంచి 45 రోజులు గడవందే చేతులు మారకూడదు. మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. అమ్మేది లైసెన్స్‌దారు కాదు, వారసులు. వారసుల ధ్రువీకరణ పత్రం, బావమరిదికి అక్కాచెల్లెళ్లు ఉంటే వాళ్ల అంగీకారం రాతలో, డిపాజిట్ రసీదు, పాత లైసెన్స్ పుస్తకం, ఇవన్నీ కూడాలి. అందుకే మామూలుగా ఇలాంటివి డీలర్ ద్వారా నడిపించుకోవడమే మేలు. మీ లైసెన్స్ ఇచ్చిన కార్యాలయంలో ముందే కలిసి, ఫలానా నంబర్ పిస్టల్ కొనబోతున్నానని దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకోండి. లైసెన్స్‌పై ఆయుధం కొనడానికి ఇచ్చిన గడువు ఎంత ఉందో కూడా చూసుకోండి. ఈ కాగితాల పనిలో ఆ గడువు దాటిపోతే, పొడిగింపు కోసం మళ్లీ తిరగాల్సి వస్తుంది. అడ్వాన్స్ ఇవ్వడం మాత్రం కాగితాలన్నీ కళ్లారా చూశాకే. బంధువు కదా అని ఇక్కడ మొహమాటపడితే రేపు ఇద్దరికీ ఇబ్బంది.

ఇక అసలు విషయానికి వద్దాం.

విదేశీ పిస్టల్‌కు ఇంత గిరాకీ ఎందుకంటే, 1980ల మధ్య నుంచి వ్యక్తుల పేరిట పిస్టళ్ల దిగుమతి ఆగిపోయింది. ఎక్కువగా అప్పటికి దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. 9 ఎంఎం, .38, .45 లాంటివి సామాన్యులకు నిషిద్ధ బోర్‌లు కాబట్టి, అనుమతి ఉన్న .32 మీదే అందరి కన్నూ పడుతుంది. ఆ కొరతే ధరను లక్షల్లోకి తీసుకెళ్లింది. అంటే మీరు కట్టే డబ్బులో పెద్ద భాగం ఆ పేరు దొరకకపోవడానికి కడుతున్నారు, ఆ పిస్టల్ బాగా పని చేస్తుందని కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే తప్పకుండా మోసపోతారు. గొట్టం లోపల తుప్పు తిన్న పిస్టల్‌కూ, బాగున్న పిస్టల్‌కూ ఇక్కడ ధరలో ఉండాల్సినంత తేడా ఉండదు.

వెబ్లీ .32 పిస్టల్ మంచి తయారీయే, అందులో సందేహం లేదు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1911 నుంచి వాడింది అదే. కానీ అది 1908 నుంచి 1940 దాకా తయారైన మోడల్. ఆఖరి ఏడాది తయారైందే అయినా వయసు ఎనభై అయిదు దాటింది. ఇన్నేళ్లలో ఎవరి చేతుల్లో తిరిగిందో, ఎలాంటి తూటాలు కాల్చారో ఎవరూ చెప్పలేరు. అప్పట్లో చాలా తూటాల ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) ఉప్పు లాంటి అవశేషం మిగిల్చే మందు ఉండేది. కాల్చిన రోజే గొట్టాన్ని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే లోపల గుంటలు పడేవి. పైన నల్లగా నిగనిగలాడుతూ లోపల గుంటలు పడ్డ పిస్టళ్లు అందుకే ఇన్ని కనబడతాయి. పైమెరుపు చూసి మురిసిపోవద్దు, కొత్తగా బ్లూయింగ్ (ఇనుము మీద నల్లటి పూత) చేయించడం పెద్ద పనేం కాదు. అక్షరాల అంచులు అరిగి గుండ్రబడి ఉంటే, స్క్రూ కంతల చుట్టూ పళ్లెంలా పల్లం ఉంటే, అది రాపిడి పెట్టి మళ్లీ రంగు వేయించిందేనని గుర్తుపట్టండి.

ఈ చిన్న .32 పిస్టళ్లలో దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతివి. అంటే కాల్చేటప్పుడు స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని) పట్టి ఆపే తాళం ఏదీ ఉండదు. స్లైడ్ బరువు, దాన్ని తిరిగి ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ బిగువు, ఈ రెండే దాన్ని నిలబెడతాయి. స్ప్రింగ్ డీలా పడితే స్లైడ్ వేగంగా వెనక్కి వచ్చి ఫ్రేమ్‌కు కొట్టుకుంటుంది. కొన్ని వందల తూటాలు అలా కాలిస్తే స్లైడ్ కిటికీ (కాలిన గుల్ల బయటికి పోయే సందు) మూలల్లోనో, ఫ్రేమ్ ముందు భాగంలోనో వెంట్రుకంత పగులు మొదలవుతుంది. తిరిగి ముందుకు వెళ్లే బలం కూడా తగ్గి తర్వాతి తూటా పూర్తిగా కూర్చోదు. పాత పిస్టల్‌లో మొదట మార్చాల్సింది ఈ స్ప్రింగ్. మిగతా చాలా పిస్టళ్లలో ఇది మామూలు చుట్టల స్ప్రింగ్, కాబట్టి ఏదోలా సరిపడేది చేయించుకోవచ్చు. వెబ్లీ .32లో మాత్రం కుడివైపు పిడి పలక కింద ఉండే వీ ఆకారపు పలక స్ప్రింగ్. అది విరిగితే అంగడిలో దొరకదు. సరైన ఉక్కును సరైన కాక మీద వంచి, పదును పెట్టగల మిస్త్రీని వెతుక్కోవాలి. మీ మేనమామ గారి పిస్టల్ విషయంలో నన్ను అన్నిటికంటే వెనక్కి లాగేది ఇదే.

చూడటానికి వెళ్లినప్పుడు ఒక డమ్మీ తూటా (మందు లేనిది), చిన్న టార్చి, తెల్ల కాగితం తీసుకెళ్లండి. పిస్టల్ చేతికి రాగానే మూతి మనుషుల వైపు కాకుండా తిప్పి, వేలు ట్రిగ్గర్ మీద పడకుండా పట్టుకుని, ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేయండి, తర్వాత స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. ఈ వరుస తప్పొద్దు. స్లైడ్ ముందు లాగి, మ్యాగజైన్ తర్వాత తీస్తే, స్లైడ్ ముందుకు పోతూ పైనున్న తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించేస్తుంది. ఖాళీ అని నమ్మి ట్రిగ్గర్ నొక్కిన ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

తర్వాత నంబర్లు. ఫ్రేమ్ మీద, స్లైడ్ మీద, వేసి ఉంటే బ్యారెల్ (గొట్టం) మీద ఉన్న నంబర్ పాత లైసెన్స్‌లోనూ డిపాజిట్ రసీదులోనూ ఉన్న నంబర్‌తో అంకె అంకె కలవాలి. నంబర్ చెరిపినట్టు, మళ్లీ కొట్టినట్టు అనుమానం వస్తే అక్కడితో ఆపేయండి. గుర్తింపు నంబర్ చెరిపిన ఆయుధం దగ్గర ఉంచుకోవడమే నేరం. బ్యారెల్ మీద ప్రూఫ్ ముద్రలు (పరీక్షలో నెగ్గిందని వేసేవి) ఉన్నాయో లేదో కూడా చూడండి. బ్రిటిష్ పిస్టల్ కాబట్టి లండన్ లేదా బర్మింగ్‌హామ్ ముద్రలు ఉండాలి. బ్యారెల్ నంబర్ వేరుగా ఉంటే అది మార్చిన బ్యారెల్. మార్చడం తప్పు కాదు గానీ ఎందుకు మార్చారో అడగాలి.

బ్యారెల్ లోపల చూడటానికి డీలర్‌తోనే పిస్టల్ విప్పించండి. తెల్ల కాగితం మీద వెలుగు పడేలా వెనకనుంచి పట్టుకుని మూతి వైపు నుంచి చూస్తే, గాడులు పదునుగా, మెరుస్తూ మెలి తిరిగి కనిపించాలి. బూడిద పట్టినట్టు మసకగా ఉంటే పాత తుప్పు. దాంతో గురి కొంత తగ్గుతుంది, శుభ్రం చేయడం కష్టమవుతుంది, అంతే. గుండ్రంగా నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపిస్తే మాత్రం వద్దని లేచి రండి. ఎప్పుడో ఒక గుండు బ్యారెల్‌లో ఇరుక్కుంటే తెలియక వెనకనే ఇంకోటి కాల్చిన గుర్తు అది, అక్కడ గొట్టం ఉబ్బి ఉంటుంది. బ్యారెల్ బయట వేలితో మెల్లగా రాస్తే ఆ ఉబ్బు తెలుస్తుంది.

ట్రిగ్గర్ పరీక్షలు మూడు. మూడూ ఖాళీ ఛాంబర్‌లో డమ్మీ తూటా వేసే చేయాలి, ఎందుకంటే ఇంత పాత ఫైరింగ్ పిన్‌ను (ప్రైమర్‌ను పొడిచే సూది) ఊరికే కొడితే విరగొచ్చు. మొదటిది: హ్యామర్ (ఆ పిన్‌ను కొట్టే సుత్తి) వెనక్కి ఎత్తి, సేఫ్టీ (కాలకుండా ఆపే మీట) వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. తర్వాత ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. అప్పుడు హ్యామర్ పడిందంటే లోపల పట్టు అరిగిపోయింది. ఆ పిస్టల్ జేబులో పెట్టుకోదగ్గది కాదు. రెండోది: ఎత్తిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు ఒత్తండి, జారకూడదు. మూడోది: ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్‌ను వెనక్కి లాగి వదలండి. హ్యామర్ ఎత్తిన చోటే ఆగాలి. స్లైడ్‌తో పాటు కిందికి వచ్చేస్తే డిస్కనెక్టర్ పాడైంది, ఒక్క నొక్కుకు రెండు మూడు తూటాలు పోయే ప్రమాదం ఉంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మిస్త్రీ బాగుచేస్తాడులే అన్న భరోసా పెట్టుకోవద్దు. ఆకురాయితో గీకి సరిచేసిన ట్రిగ్గర్ పట్టు కొన్నాళ్లకు ఇంకా అధ్వానమవుతుంది.

స్ప్రింగ్ చూడాలంటే మూతి పైకి పెట్టి స్లైడ్‌ను కొద్దిగా లాగి, చేత్తో పట్టుకునే మెల్లగా వదలండి. చివరి నూలు దాకా దానంతట అదే మూసుకుపోవాలి. ఆఖర్న సందు మిగిలితే స్ప్రింగ్ అలిసింది, లేదా లోపల జిడ్డు గట్టిపడింది. ముందు శుభ్రం చేయించి మళ్లీ చూడమనండి.

అందరూ తేలిగ్గా వదిలేసేది మ్యాగజైన్. జేబు పిస్టల్ మొరాయించే సందర్భాల్లో సగానికి పైగా తప్పు మ్యాగజైన్‌దే అని చెప్పినా ఎక్కువ కాదు. పై పెదవులు రెండూ సమానంగా, పగుళ్లు లేకుండా ఉండాలి. ఒక పెదవి విచ్చుకుంటే తూటా ముక్కు పైకి లేచి బ్యారెల్ అంచుకు తగులుతుంది. రెండూ లోపలికి నొక్కుకుపోతే తూటా బయటికే రాదు. మ్యాగజైన్ పిస్టల్‌లో పెట్టాక కుదిపితే కదలొద్దు, బటన్ నొక్కితే ఇరుక్కోకుండా రావాలి. పాత పిస్టల్‌కు ఒకటే మ్యాగజైన్ ఉందంటే బేరంలో అది పెద్ద లోటుగా లెక్కపెట్టండి. ఆ ఒక్కటి పాడైతే మీ చేతిలో మిగిలేది ఒక్కో తూటా కాల్చే ఇనుప ముద్ద.

.32 పిస్టల్ తూటాకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. దాని అడుగు అంచు ఒంటికంటే కొంచెం బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. జేబులో కుదుపులకో, తొందరపడి నింపడం వల్లో పై దాని అంచు కింది దాని వెనక్కి జారితే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి. స్లైడ్ ఎంత లాగినా తూటా ముందుకు పోదు. దీన్నే రిమ్‌లాక్ అంటారు. మామూలు గుండ్రటి ముక్కున్న, పూర్తి తొడుగు గుండు తూటా పొడవుగా ఉండి మ్యాగజైన్ నిండా సర్దుకుంటుంది కాబట్టి జారే చోటు తక్కువ. ముక్కు తొలిచిన పొట్టి తూటాలకు ఈ బెడద ఎక్కువ. నింపేటప్పుడు ప్రతి తూటానూ ముందు నుంచి నొక్కి వెనక్కి జరుపుతూ, అంచు ఎక్కడ కూర్చుందో చూసుకోండి. నింపిన మ్యాగజైన్‌ను ముందుకూ వెనక్కీ ఊపితే పై తూటా జరుగుతుంటే ఆ తూటా ఆ మ్యాగజైన్‌కు నప్పదు. రిమ్‌లాక్ పడితే మ్యాగజైన్ తీసి ఖాళీ చేసి మళ్లీ నింపడం తప్ప కొట్టి లాభం లేదు.

తూటాలు కొనేటప్పుడు ".32" అని మాత్రం అడగొద్దు. పిస్టల్ తూటా వేరు, రివాల్వర్ తూటా వేరు. పిస్టల్‌ది 7.65 ఎంఎం, షెల్ (తూటా గుల్ల) పొడవు 17 మిల్లీమీటర్లు. రివాల్వర్‌ది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, షెల్ పొడవు 23 మిల్లీమీటర్ల పైన. డబ్బా మీద 7.65 అని చూశాకే డబ్బులివ్వండి. మేనమామ గారు దాచిన పాత తూటాలు ఉంటే అవి మీకు బేరంలో లాభం కాదు. పచ్చటి చిలుము పట్టినవి, ప్రైమర్ చుట్టూ మరక ఉన్నవి కాల్చొద్దు. వాటిని డిపాజిట్‌లో పోలీసులకే అప్పగించమనండి. పాత తూటాతో మూడు రకాల ప్రమాదం. అసలు పేలకపోవడం ఒకటి. ఆలస్యంగా పేలడం రెండోది. అందుకే కాల్చినా పేలకపోతే మూతి గురి వైపే ఉంచి ముప్పై సెకండ్లు ఆగాలి, వెంటనే స్లైడ్ లాగి మొహం దగ్గర పెట్టుకోకూడదు. మూడోది అన్నిటికంటే చెడ్డది: మందు బలం చాలక "టప్" మని చిన్న చప్పుడొచ్చి, గుండు గొట్టంలోనే ఆగిపోవడం. చప్పుడు తేడాగా ఉందనిపిస్తే కాల్చడం ఆపి, ఖాళీ చేసి, విప్పి బ్యారెల్‌లోకి వెలుగు కనిపిస్తుందో లేదో చూడండి. ఇందాక చెప్పిన నల్ల ఉంగరం ఇలాగే పడుతుంది.

కొనేముందు కాల్చి చూడటం తప్పనిసరి. డీలర్‌కు అందుకు వసతి ఉంటే అక్కడ, లేకపోతే అనుమతి ఉన్న రేంజ్‌లో, డీలర్ మనిషి సమక్షంలో. పొలంలోనో, గుట్టల వెనకో "ఒక రౌండ్ వేసి చూద్దాం" అనే వాళ్లతో వెళ్లకండి. అది లైసెన్స్ మీదికి వస్తుంది. ఉన్న ప్రతి మ్యాగజైన్‌తోనూ రెండేసి సార్లు నింపి కాల్పించి, ఖాళీ షెల్‌లు ఏరుకోండి. పిస్టల్ గురించి అమ్మేవాడు చెప్పనివన్నీ అవి చెప్తాయి. ప్రైమర్ మీద గుంట మధ్యలో, లోతుగా ఉండాలి. లోతు తక్కువైతే హ్యామర్ స్ప్రింగ్ డీలా. షెల్ అడుగున ఒకవైపు ఉబ్బితే, ఛాంబర్ అరిగింది లేదా స్లైడ్ తొందరగా తెరుచుకుంటోంది. నిలువున చీలితే ఛాంబర్ వదులు, లేదంటే తూటా పాతది. అంచు మీద కొక్కెం చిరిపిన గుర్తు లోతుగా ఉంటే ఆ కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్) షెల్‌ను బలవంతంగా లాగుతోంది.

ఇక కొత్తదాని సంగతి. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల అశని .32 పిస్టల్ ఇప్పుడు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. 2021 అక్టోబర్‌లో ఆ ఫ్యాక్టరీలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశారు. ధర చూసి మీరు బెదిరి ఉంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. డీలర్ చెప్పిన ధరలో పన్ను కలిసిందో లేదో అడిగి రాయించుకోండి. కొత్తదంటే లోపం ఉండదని కాదు. పైన చెప్పిన ట్రిగ్గర్ పరీక్షలు, మ్యాగజైన్ పరీక్ష, బ్యారెల్ చూడటం దానికీ చేయండి. దుకాణంలో ఒకే మోడల్‌వి రెండు మూడు ఉంటే అన్నీ చూపించమనండి. స్లైడ్ జారుడు, మ్యాగజైన్ కూర్చోవడం ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది. మ్యాగజైన్ పెదవుల మీద, తూటా ఎక్కే వాలు మీద కరుకుదనం ఉంటే తూటా గీసుకుంటుంది. కొత్త స్ప్రింగ్ బిగువుగా ఉండి మొదటి యాభై తూటాల్లో ఒకటి రెండు సార్లు ఆగొచ్చు, తర్వాత కూడా ఆగుతుంటే డీలర్ దగ్గరికి తీసుకెళ్లండి. పాతదానికి లేని వెసులుబాటు ఇదే: విడి మ్యాగజైన్ దొరుకుతుంది, స్ప్రింగ్ దొరుకుతుంది, బిల్లు పట్టుకుని అడగడానికి ఒక మనిషి ఉంటాడు. మీ లైసెన్స్ మీద ఒకేసారి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది. అందులో మొదటి ఏడాది వాటాలో ఎక్కువ భాగం ఈ పరీక్షకూ, సాధనకే ఖర్చు పెట్టండి. దాచుకుని లాభం లేదు.

మధ్యలో ఎవరైనా వాల్తర్ పీపీకే చూపిస్తే, దాని సేఫ్టీ వేసినప్పుడు హ్యామర్ క్షేమంగా దిగుతోందో లేదో డమ్మీ తూటాతో చూడటం మర్చిపోవద్దు. అది నిజంగా జేబు పిస్టల్, స్ప్రింగ్ చుట్టలది, పాతవాటిలో నేను మొగ్గేది దాని వైపే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్పానిష్ రూబీ రకాలు తక్కువకు వస్తాయి, వద్దు. ఐబార్ చుట్టుపక్కల ఎన్నో చిన్న కార్ఖానాలు వాటిని చేశాయి, ఒకరి మ్యాగజైన్ ఇంకొకరి దానిలో కూర్చోదు. బెరెట్టా టామ్‌క్యాట్ ముచ్చటగా ఉంటుంది, కానీ తొలి తయారీల్లో ఫ్రేమ్ పగుళ్లు పేరుమోసినవి, భూతద్దం లేకుండా చూడొద్దు. మీ లైసెన్స్ రివాల్వర్‌కు మార్పించుకునే వీలుంటే ఆ మాట కూడా ఆలోచించండి. ఏడాదికి నాలుగుసార్లు కూడా సాధన చేయలేని వారికి రివాల్వరే తగినది, తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే చాలు. 2014లో వచ్చిన నిర్భీక్ .32 బరువు అరకిలో దగ్గర. కానీ తిరిగే సిలిండర్ లావు వల్ల ప్యాంటు జేబులో ఉబ్బుగా కనిపిస్తుంది.

జేబు అన్నారు కాబట్టి ఇది వినండి. పిస్టల్‌ను వట్టి జేబులో, తాళాలతో, చిల్లరతో కలిపి పెట్టొద్దు. ట్రిగ్గర్ పూర్తిగా మూసే జేబు హోల్‌స్టర్ (పిస్టల్ తొడుగు) కావాలి, ఆ జేబులో ఇంకేమీ ఉండొద్దు. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో, బయటికి కనిపించకుండా ఉండాలన్నది నిబంధన కూడా. పాత పిస్టళ్లలో చాలావాటికి కింద పడితే ఫైరింగ్ పిన్‌ను ఆపే అడ్డు ఉండదు. వాటిని ఛాంబర్ ఖాళీగానే మోయాలి. వెబ్లీ కూడా ఆ కోవలోదే. మీకు మిర్చి సీజన్ అంటే ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరే దాకా, చెమట ఆగని కాలం. చెమట ఉప్పు బ్లూయింగ్‌ను రెండు మూడు రోజుల్లో తినేస్తుంది. పిడి పక్కన, మ్యాగజైన్ అడుగున ఎర్రటి చుక్కలు మొదలవుతాయి. మార్కెట్ మిర్చి ధూళి కూడా జేబులో చేరి నూనెతో కలిసి గట్టి జిగురవుతుంది. రోజూ ఇంటికి రాగానే ఖాళీ చేసి పొడి గుడ్డతో తుడిచి, పలుచగా నూనె గుడ్డ రాయండి. వారానికోసారి మ్యాగజైన్ విప్పి దుమ్ము తుడవండి, మ్యాగజైన్ లోపల నూనె పోయొద్దు, అది ప్రైమర్‌లోకి దిగి తూటాను చంపుతుంది. ఇంట్లో తోలు హోల్‌స్టర్‌లోనే వదిలేయకండి, తోలులోని రసాయనం తేమను పట్టి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో, పిల్లల చేతికి ఏ తాళం చెవీ అందకుండా.

మీకు నా సలహా: కొత్త పిస్టలే తీసుకోండి. రాత్రిపూట డబ్బుతో తిరిగే మనిషికి కావలసింది రేపు స్ప్రింగ్ విరిగినా ఎల్లుండికి బాగయ్యే ఆయుధం. వెబ్లీని వదులుకోవడం మనసుకు కష్టంగా ఉంటే, ఒక షరతు మీద ఆలోచించొచ్చు. రెండు మంచి మ్యాగజైన్లు, నంబర్లన్నీ కలవడం, నల్ల ఉంగరం లేని బ్యారెల్, మూడు ట్రిగ్గర్ పరీక్షలూ నెగ్గడం, కాల్చిన షెల్‌లు శుభ్రంగా రావడం, వీటితో పాటు వీ స్ప్రింగ్ చేయగల మిస్త్రీ మీ కళ్లముందు ఉండాలి. అన్నీ కుదిరినా ధర కొత్తదానికంటే ఎక్కువ అడిగితే, బావమరిదికి ఇంకో లైసెన్స్‌దారును చూసిపెట్టండి. ఇప్పుడు ఒకరికి రెండు ఆయుధాల దాకా అనుమతి ఉంది కాబట్టి, రోజువారీకి కొత్తది కొని, మామయ్య జ్ఞాపకంగా వెబ్లీని రెండోదిగా లైసెన్స్‌లో చేర్పించుకోవడం కూడా ఒక దారి. దానికి వేరే దరఖాస్తు, వేరే కారణం చూపాలి.

ఏది కొన్నా ఎన్నికల నోటిఫికేషన్ రాగానే డిపాజిట్ చేయమని కబురొస్తుంది. నెలల తరబడి స్టేషన్ గదిలో ఉంటుంది. ఇచ్చేముందు విప్పి, బ్యారెల్ లోపలా బయటా మామూలుకంటే మందంగా నూనె రాసి, తోలు తొడుగు తీసేసి, నూనె కాగితంలో చుట్టి ఇవ్వండి. రసీదులో పిస్టల్ నంబర్‌తో పాటు మ్యాగజైన్లు ఎన్ని, తూటాలు ఎన్ని అన్నది కూడా రాయించుకోండి. వెనక్కి తీసుకునే రోజున అక్కడే నంబర్ చూసుకుని, బ్యారెల్‌లో మిగిలిన నూనె ఇంట్లో పూర్తిగా తుడిచాకే తూటా ఎక్కించండి.